మామిడి పండగ కాకముందు పెట్టిన మీటింగు

మా వైపు ఎవరినైనా ఒక మాటకి ఒప్పించాలంటే ముందు ఆకేస్తాం. పెళ్లి సంబంధం గానీ, పొలం గట్టు తగువు గానీ, చర్చిలో కమిటీ ఎన్నిక గానీ, తిన్నాకే మాట. తిన్నవాడు కాదనడానికి మొహమాటపడతాడన్న నమ్మకం రామచంద్రపురం చుట్టుపక్కల పుట్టినవాళ్లకి ఉగ్గుపాలతో వచ్చేస్తుంది. నాకూ అంతే. అందుకే కొండ మీది ఊళ్లకి ఆరోగ్య ప్రణాళిక వేయమని పైనుంచి ఆర్డరు వచ్చినప్పుడు నేను ముందు ఆలోచించింది ప్రణాళిక గురించి కాదు, వంట గురించి.

నేను ఆరోగ్య శాఖలో హెల్త్ ఎడ్యుకేటర్‌ని. అంటే జనానికి మంచీచెడూ చెప్పడం నా ఉద్యోగం. జీతం ఇవ్వకపోయినా చెప్పేదాన్నని మా ఆయన అంటారు. ఇల్లు రాజమండ్రిలో, పని ఏజెన్సీలో. సోమవారం పొద్దున్నే రంపచోడవరం వైపు బస్సెక్కితే మళ్లీ శనివారం దిగడం. పరిధిలో ఉన్న ఊళ్లన్నీ తిరిగాను, ఒక్కోచోట ఒక్కోలా అరిచాను. నా గొంతు వాగు దాటి వినిపిస్తుందని ప్రతీతి.

ఆ ఆర్డరులో ఒక మాట పదే పదే ఉంది. స్టేక్‌హోల్డర్లందరినీ కలుపుకుని, స్టేక్‌హోల్డర్ల అభిప్రాయం తీసుకుని, స్టేక్‌హోల్డర్ల సమ్మతితో. మా డాక్టరు గారిది పెద్దాపురం. కొత్తగా పెళ్లయిన కుర్రాడు, మహా నెమ్మది. "అంటే ఎవరెవర్ని పిలవాలంటారు మేడమ్ గారూ?" అన్నారు. "ఆకు ముందు కూర్చునే ప్రతివాడూ స్టేక్‌హోల్డరేనండి" అన్నాను. ఆయనకి ఈ నిర్వచనం బాగా నచ్చింది.

సరదాగా చెబుతున్నాను గానీ, దాని వెనక ఒక బరువైన సంగతుంది. మా ఆసుపత్రి పరిధిలో అన్నిటికన్నా పైన ఉన్నది ఒక కొండరెడ్ల ఊరు. వానలు పట్టాయంటే మధ్యలో వాగు పొంగుతుంది, ఇక వాళ్లు వాళ్లే, మనం మనమే. అందుకని నెలలు నిండుతున్న ఆడవాళ్లని ముందుగానే కిందికి తీసుకొచ్చి ఆసుపత్రి పక్కన వసతి గృహంలో ఉంచుతాం. మంచం, ఫ్యాను, వేళకి భోజనం, పిలిస్తే పలికే నర్సు. ఇన్ని ఉన్నా పైఊరి ఆడవాళ్లు వస్తారు, నాలుగు రోజులు ఉంటారు, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోతారు. ఎందుకు వెళ్తున్నారో చెప్పరు. అక్కడి వంటమనిషిని అడిగితే "పెట్టింది తినరండి. పొగరు" అనేసేది.

కిందటేడు అలా వెళ్లిపోయిన ఒకమ్మాయికి దారిలోనే నొప్పులు వచ్చాయి. బిడ్డ దక్కలేదు. ఆ అమ్మాయికి ఇప్పుడు మళ్లీ నెలలు. సరిగ్గా వానలు అందుకునే రోజుల్లోనే పురుడు. ఆమె వాగు ఇవతలికి రావాలి, వచ్చిన చోట నిలవాలి. నాకు ప్రణాళిక అంటే అదొక్కటే. మిగతా కాగితాలు ఎవరైనా నింపొచ్చు.

సరే, వంట. ఎండలు ముదురుతున్న రోజులు. ఆ రోజుల్లో గోదావరి జిల్లాలో మామిడికాయ లేకుండా విందు చేస్తే జనం జాలిపడతారు. మామిడికాయ పులిహోర అనుకున్నాం. మామిడికాయ పప్పు అనుకున్నాం. డాక్టరు గారి భార్య మామిడికాయ కొబ్బరి పచ్చడి చేసి పంపుతానంది. రామచంద్రపురంలో మా అమ్మకి ఫోన్ చేస్తే ప్రణాళికేంటి, ఊరేంటి అని ఒక్క ముక్క అడగలేదు. "మీటింగా? ఏం పెడుతున్నారేంటి?" అంది. చెప్పాను. "కొత్తావకాయ లేకుండా ఏం భోజనమే అది" అని ఆ ఏడు పెట్టిన మొదటి జాడీ బస్సులో వేసి పంపింది. మా అమ్మ కొత్తావకాయ జాడీ బయటికి ఇచ్చిందంటే ప్రభుత్వం మీద ఎంత గౌరవమో అనుకున్నాను.

రోడ్డు ఆగిపోయేదాకా జీపులో వెళ్లి, అక్కణ్ణించి క్యారేజీలు మోసుకుంటూ నడిచాం. ఆ ఊరి ఆశా కార్యకర్త మాకు ఎదురొచ్చింది. ఆ ఊరి పిల్లే, పదో తరగతి దాకా చదువుకుంది. క్యారేజీ మూత తీసి వాసన చూసి, ఏదో అనబోయి ఊరుకుంది. "ఏంటే?" అన్నాను. "ఏం లేదండి మేడమ్" అంది.

ఊరి మధ్య పందిరి కింద అందరూ వచ్చి కూర్చున్నారు. అడ్డాకు విస్తళ్లు వాళ్లే కుట్టి తెచ్చారు. పెద్దకాపు అంటారు అక్కడి ఊరిపెద్దని, ఆయన ముందు వరసలో కూర్చున్నాడు. ఆ అమ్మాయి ఒక పక్కగా, అత్తగారి వెనక సగం దాక్కుని కూర్చుంది. అత్తగారంటే మామూలు మనిషి కాదు. సన్నగా పొడుగ్గా ఉండి, నోట్లో చుట్టతో, ఊళ్లో ఎవరు తుమ్మినా ఎందుకు తుమ్మావని అడిగే రకం. నాకు చూడగానే నచ్చింది, ఎందుకో చెప్పక్కర్లేదనుకుంటాను.

వడ్డించాం. పసుపుపచ్చటి పులిహోర, పక్కన పప్పు, పచ్చడి, ఎర్రగా నూనె తేలుతున్న ఆవకాయ. చూస్తుంటే నాకే నోరూరింది.

ఎవరూ చెయ్యి పెట్టలేదు.

"కానివ్వండి" అన్నాను. అందరూ నావైపు చూసి నవ్వారు. "మొహమాటం వద్దండి, ఇంకా బోలెడుంది" అన్నాను. ఇంకొంచెం మర్యాదగా నవ్వారు. ఒక పిల్లవాడు విస్తరి మీదికి వంగితే వాళ్ల నాయనమ్మ చెయ్యి పట్టుకుని ఒళ్లోకి లాక్కుంది. వేడి చల్లారిపోతోంది. ముందు తను తింటే గానీ వాళ్లు మొదలుపెట్టరనుకున్నారో ఏమో, మన పెద్దాపురం డాక్టరు గారు కింద చతికిలపడి పులిహోర కలుపుకుని ఒక ముద్ద తిన్నారు. "చాలా బాగుందండి, తినండి" అన్నారు. ఊరు ఊరంతా ఊపిరి బిగబట్టి, పురుగుల మందు తాగేవాణ్ణి చూసినట్టు ఆయన్ని చూసింది. పాపం ఆయన అది చూడలేదు. ఆవకాయ బద్ద కూడా చీకారు.

అప్పుడు పెద్దకాపు లేచాడు. రెండు చేతులెత్తి దండం పెట్టాడు. "మంచిది అమ్మా. మాటలు ఇంకోనాడు చెప్పుకుందాం" అన్నాడు. ఆయన వెనకే ఒకరొకరుగా అందరూ లేచి, విస్తళ్లు అలాగే వదిలేసి, మాకు దండాలు పెడుతూ వెళ్లిపోయారు. పందిరి కింద మేమిద్దరం, ఆశా పిల్ల, చుట్టూ నిండు విస్తళ్లు మిగిలాం.

నాకు ఒళ్లు మండింది. అన్నం పెడితే లేచిపోయిన జనాన్ని పుట్టి బుద్ధెరిగాక నేను చూడలేదు. దిగేటప్పుడు దారంతా సణుగుతూనే ఉన్నాను. ఇంత దూరం మోసుకొచ్చామే, మా అమ్మ మొదటి జాడీ ఇచ్చిందే, వీళ్లకి ఏం తక్కువ చేశామని. చివరికి ఆశా పిల్లే తట్టుకోలేక ఆగింది.

"మామిడి పండగ ఇంకా అవలేదండి" అంది.

"అయితే?"

"పండగ చేసి, అమ్మవారికి పెట్టి, ఊరంతా ఒక్కసారి ముట్టుకునేదాకా కొత్త మామిడికాయ నోట పెట్టకూడదండి. ముందే తింటే ఊరికి అరిష్టం. మామిడనే కాదు, చిక్కుడుకాయకీ అంతే, సామలకీ అంతే. కొత్తది ఏదైనా పండగయ్యాకే."

"మరి ముందే చెప్పొచ్చు కదే, మూత తీసి వాసన కూడా చూశావు."

"చెబుదామనే అనుకున్నానండి. మీరు కోప్పడతారని" అంది. డాక్టరు గారు దగ్గు వచ్చినట్టు అటు తిరిగి నవ్వుకున్నారు. కాసేపటికి ఆయనకి అసలు సంగతి తట్టింది. "మేడమ్ గారూ, నేను తిన్నాను కదండి" అన్నారు నీరసంగా.

రెండు రోజులకి కబురు వచ్చింది. పండగ అయ్యేదాకా ఊళ్లో ఏ మాటా జరగదు. డాక్టరు తెలియక తిన్నాడు కనక ఊరికి కోపం లేదు, కాకపోతే ఒక కోడిపెట్టని ఇచ్చుకోవాలి. ఇచ్చుకున్నారు. ఎం.బి.బి.ఎస్. చదివిన మనిషి ఆసుపత్రి జీపులో కోడిపెట్టని ఒళ్లో పెట్టుకుని, అది ఎక్కడ ఎగిరిపోతుందోనని రెండు చేతులా పట్టుకుని వెళ్లడం చూసి డ్రైవరు గేర్లు తప్పుగా వేశాడు.

ఇక పండగ ఎప్పుడన్నది ప్రశ్న. దానికి తేదీ అంటూ లేదు. కాయలో టెంక ముదరాలి, అప్పుడు పూజారి రోజు చెబుతాడు. ఒకపక్క ఎండలు, ఎండల వెనకే వానలు, ఆ అమ్మాయి కడుపు నెలనెలా పెరుగుతోంది. నేను వెళ్లినప్పుడల్లా పూజారిని పట్టుకుని "ముదిరిందా?" అని అడిగేదాన్ని. ఆయన ఒక కాయ కోసి, కత్తి దిగుతోందో లేదో చూసి, తల అడ్డంగా ఊపేవాడు. జిల్లా ఆఫీసు నుంచి ఫోన్లు. "పైఊరి ప్రణాళిక ఇంకా రాలేదేంటండి?" అనేవారు. "టెంక ముదరలేదండి" అనేదాన్ని. తర్వాత తర్వాత వాళ్లే ఫోన్ చేసి ముందు టెంక గురించి అడగడం మొదలుపెట్టారు.

ముదిరింది. పండగకి రమ్మని పెద్దకాపే స్వయంగా దిగి వచ్చి పిలిచాడు. "ఈసారి మేం పెడతాం, మీరు తినాల" అన్నాడు.

వెళ్లి చూస్తే ఊరు పట్టనంత జనం. దారి పొడుగునా ఉన్న చిన్న చిన్న పల్లెల్లోని చుట్టాలంతా వచ్చేశారు, వాగు ఇవతలి ఒడ్డున ఉన్నవాళ్లతో సహా. స్టేక్‌హోల్డర్లని ఎవరూ పిలవక్కర్లేదు, మామిడికాయ పిలుచుకొచ్చింది. పూజ అయ్యాక పూజారి కోసిన ముక్కల్లో మొదటిది తెచ్చి డాక్టరు గారి చేతిలో పెట్టాడు. ముందు తిన్నవాడికే ముందు పెట్టాలని ఎవరో అంటే ఊరంతా నవ్వింది. ఆయన ఒకటికి రెండుసార్లు "ఇప్పుడు తినొచ్చా అండి?" అని అడిగి గానీ తినలేదు. జీలుగు కల్లు ఇస్తే మాత్రం డ్యూటీలో ఉన్నానన్నారు.

ఆశా పిల్ల తన ఇంట్లో మూల దాచిన మా అమ్మ జాడీ తెచ్చింది. ఆనాడు మేం అక్కడే వదిలేసి వచ్చిన జాడీ అది. ఇన్నాళ్లు కదలకుండా ఉండి బ్రహ్మాండంగా ఊరింది. ఆ రోజు ముట్టుకోని జనమే వేళ్లు నాక్కుంటూ, కారానికి కళ్ల నీళ్లు పెట్టుకుంటూ, ఇంకొంచెం ఇంకొంచెం అంటూ అడుగు గీకేదాకా తిన్నారు. నా కడుపు అప్పుడు చల్లబడింది. నేనూ మనిషినే కదా.

తిన్నాక మాట. పెద్దకాపు అందరినీ కూర్చోబెట్టి "అమ్మ ఏందో అడగాలంటంది" అన్నాడు. నేను తిన్నగా అత్తగారి ముందుకెళ్లి కూర్చున్నాను.

"కోడల్ని కిందికి పంపుతావా అత్తా?"

"పంపను" అంది చుట్ట తీయకుండానే.

"ఎందుకని?"

"మీరు పెడతారు గనక."

నాకు అర్థం కాలేదు. అక్కడ ఏం పెడితే మాత్రం ఏంటి, అన్నం పెడితే తప్పా అన్నాను. నా గొంతు కొంచెం పెరిగింది కూడా. ఆవిడ అప్పుడు చుట్ట తీసింది.

"ఆనాడు ఈ పందిట్లో మేం ఎట్టా కూకున్నామో చూసినావు గదా. కిందటేడు అక్కడ ఇదీ అట్టానే కూకుంది. పండగ కాలా. ఆ వంట చేసే ఆమె రెండు పూటలా మామిడికాయ పప్పు ఏసింది. ఇది ఉప్పేసుకుని ఒట్టి కూడు తినింది. దాని ముందర మా ఊరి ఆడోళ్లూ అంతే, ఒకనాడు చిక్కుడుకాయ, ఒకనాడు ఇంకోటి. కూకుని కూకుని, ఆకలికి ఆగలేక లేచి వచ్చింది. వచ్చే దారిలోనే."

ఆవిడ చుట్ట మళ్లీ నోట్లో పెట్టుకుంది. ఆ అమ్మాయి నేలవైపు చూస్తూ గడ్డిపరక తెంపుతోంది.

"ఆ వంటావిడకి చెప్పొచ్చు కదమ్మా" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

ఆ అమ్మాయి మొదటిసారి నోరు విప్పింది. "ప్రేమగా పెట్టింది. వద్దని ఎట్టా అంటాం?"

మొహమాటం మా జిల్లా సొత్తనుకున్నాను ఇన్నాళ్లూ. తిన్నవాడు కాదనలేడని మాకు తెలుసు. తినలేనివాడు కూడా కాదనలేడని, నవ్వుతూ దండం పెట్టి ఆకలితో లేచిపోతాడని మాకు తెలియదు. నాకు ఏడుపొచ్చింది. పదిమందిలో ఏడవడం నా వల్ల కాదు కనక డాక్టరు గారి మీద అరిచాను. "ఏంటండి అలా చూస్తారు, రాసుకోండి" అన్నాను. ఆయన పాపం అప్పటికే రాసుకుంటున్నారు.

ఒక్కటి మాత్రం అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. ఆ రోజు మేం మామిడికాయ మోసుకెళ్లకుండా బిస్కెట్లు పంచి ఉపన్యాసం ఇచ్చి ఉంటే, వాళ్లు బిస్కెట్లు తిని తలూపి ఉండేవాళ్లు. మాకు ఏనాటికీ తెలిసేది కాదు. ఈ మాట మా అమ్మతో అంటే "నా జాడీ చలవ" అంది.

ఇక ప్రణాళిక తయారవడానికి ఎంతోసేపు పట్టలేదు. కోడలు కిందికి వస్తుంది, అత్తగారూ వెంట వస్తుంది. తమ కుండ, తమ సామలు, తమ పొయ్యి, వంట ఆవిడదే. డోలీలో మోసేది ఎవరన్నదానికి ఏ పల్లె మగవాళ్లు ఎక్కణ్ణించి ఎక్కడిదాకా భుజం మార్చుకోవాలో పండగకొచ్చిన చుట్టాలే తగువులాడుకుని తేల్చుకున్నారు. ఒక పల్లెవాళ్లు తమకి తక్కువ దూరం ఇచ్చారని అలిగారు. మోయడానికి దూరం చాలలేదని అలిగినవాళ్లని అక్కడే చూశాను.

అసలు యుద్ధం కింద జరిగింది. వసతి గృహం పెరట్లో ఇంకో పొయ్యి అనేసరికి వంటమనిషి చేతులు నడుం మీద పెట్టుకుంది. ఆవిడ అమలాపురం వైపు మనిషి. "నా వంటకేం తక్కువండి? కలెక్టరు గారు తిని మెచ్చుకున్నారు" అంది. నేను సంగతంతా చెప్పాను. ఎందుకు తినలేదో, తినక ఏమైందో. ఆవిడ నడుం మీది చేతులు మెల్లగా దిగిపోయాయి. సాయంత్రం చూస్తే మూడు రాళ్లు తనే తెచ్చి పెరట్లో వానకి తడవని చోట సర్దుతోంది. "పొగరు అన్నానండి నేను" అంది నావైపు చూడకుండా.

వానలు కాస్త ముందే అందుకున్నాయి. వాగు ఇంకా మోకాలి లోతులో ఉండగానే డోలీ దిగింది. వెనక అత్తగారు నెత్తిన కుండతో, నోట్లో చుట్టతో. ఆసుపత్రి ఆవరణలో పొగ తాగకూడదని నర్సు అంటే, పొయ్యి దగ్గర కూడానా అంది. ఆ వారం రోజులూ పెరట్లో రెండు పొయ్యిలు, రెండు నోళ్లు. ఉప్పు ఎక్కువైందని ఈవిడ, కారమే లేదని ఆవిడ. మూడోనాటికి ఒకరి కూర ఒకరు రుచి చూసుకునేంత దూరం వచ్చారు. వంటమనిషి తను వండబోయే ప్రతి కూరగాయా ముందు అత్తగారికి చూపించి, "దీని పండగ అయిందా?" అని అడిగేది. "అయింది" అంటే కత్తిపీట ముందు కూర్చునేది. ఆ అమ్మాయి మంచం మీద కూర్చుని కంచం నిండా తినడం నేను కిటికీలోంచి చూశాను. ఫ్యాను గాలికి కాళ్లు ఊపుకుంటూ తింటోంది. ఎన్ని మీటింగులు పెట్టినా నాకు అంత సంతోషం కలగలేదు.

తెల్లవారుతుండగా నొప్పులు మొదలయ్యాయి. డాక్టరు గారు లోపల, మేం బయట. వాగు పొంగిందని అప్పటికే కబురు. పొద్దెక్కాక లోపల్నించి ఏడుపు వినబడింది, నా గొంతుకి తీసిపోని గొంతు. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం అని డాక్టరు గారు బయటికొచ్చి చెప్పారు. వంటమనిషి కొంగు కళ్లకద్దుకుంది. అత్తగారు మాత్రం లేచి పెరట్లోకి వెళ్లింది. ఏడవడానికేమో అనుకుని నేనూ వెనకే వెళ్లాను.

ఏడవడానికి కాదు, వండడానికి. సామల అన్నం దించింది. నా మొహం చూసి పొద్దుట్నించి ఏం తినలేదని పోల్చుకుంది కాబోలు, కూకో అని నా ముందు అడ్డాకు విస్తరి వేసింది. గరిటెతో అన్నం తీసి, విస్తరి మీదికి తెచ్చి, ఆపింది.

"మీ ఊళ్లో పండగ అయిందా అమ్మా?" అంది. "ఇది నువ్వు తినొచ్చునా?"

ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎన్ని వందల ఆకులేశానో. ఆ మాట నేను ఎవరినీ అడగలేదు. అయిందని తలూపాను.

ఆవిడ అప్పుడు వడ్డించింది. తనూ ఒక విస్తరి వేసుకుని నా పక్కనే కూర్చుంది. లోపల పిల్ల ఇంకా ఏడుస్తూనే ఉంది, మేమిద్దరం అది వింటూ తిన్నాం.